నీరటి నడిచిన గీత

గేటుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, సక్కుబాయి అరుగు మీద చతికిలబడింది.

"ఇగ పో. ఎట్ల పోతవో పో" అంది మొగుడితో.

సోమయ్య చెప్పులు విడిచి, గేటు దగ్గర వట్టి కాళ్లతో నిలబడ్డాడు. పదకొండింటికి సర్వేయరు వస్తాడు. గుట్ట కింద ఊరంతా చేరుతుంది. పాత కాలువ ఎక్కడెక్కడ పారేదో చూపించగల నీరటి, అంటే నీళ్ల పారకం చూసేవాడు, ఆ ఊళ్లో ఆయనొక్కడే మిగిలాడు. ఆ సంగతి తెలియకనా సక్కుబాయి తాళం వేసింది!

"తాళమేస్తే ఆగుతదానే?" అన్నాడు.

"ఏమాగుతది?"

"వాన."

"నేను వాన ముచ్చట అడుగుతలే. ఇల్లు ముచ్చట అడుగుతున్న. గీ ఇంటికి రాళ్లు మోసింది నేను. ఇటుక మోసింది నేను. మేస్త్రి రాకుంటే గోడకు మెత్తింది నేను. నువ్వు పోయి సార్ల ముంగట నిలవడి, గిదే కాలువ, గీ ఇల్లు నాదే, కూలగొట్టుండ్రి అంటవా? నోరెట్లొస్తది నీకు?"

సోమయ్యకు నోరు రాలేదు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. సగం కొట్లాటలు ఆయన నోరు తెరవకపోవడం వల్లే పెరిగేవి ఆ ఇంట్లో.

గేటు అవతల బండి చప్పుడయింది. కొడుకు సతీశ్. బొంగులూరు దగ్గర కొత్త వెంచర్లో ప్లాట్లు చూపించే పని వాడిది. ఇస్త్రీ చొక్కా, చంకలో బ్రోచర్లు. తాళం చూసి ఆశ్చర్యపోలేదు. గోడ మీంచి లోపలికి దూకాడు.

"బాపూ, కొట్లాట ఎందుకు? నేనంత ఆలోచన చేసిన" అన్నాడు. "నువ్వు పోవాలె. పోకుంటే ఊరోళ్లకు అనుమానమొస్తది. పోయి, నడువు. గుట్ట కాడికెళ్ళి జామాయిల్ తోట దాంక సక్కగనే నడువు. తోట దాటినంక జర కుడికి తిరుగు. అంతే."

"కుడికి ఏమున్నది?" అన్నాడు సోమయ్య, తెలియనట్టు.

"పెద్దమ్మ చెలక."

ఆ మాటతో అరుగు మీద సక్కుబాయి కూడా కొడుకు వైపు చూసింది. బుగ్గమ్మ సోమయ్య అన్న భార్య. అన్న పోయి తొమ్మిదేళ్లు. పిల్లల్లేరు. ఉన్నది ముప్ఫై గుంటల మెట్ట చెలక, దానిలో నిలువెత్తు ఎదిగి కంకి వేసిన మొక్కజొన్న.

"కాలువ తీస్తే ఆమె భూమి ఉంటదారా?" అడిగాడు సోమయ్య.

"కొంచెం ఉంటది."

"కాలువ, దాని గట్టు, గట్టు పొంటి మిషన్ నడిచే బాట. ఇవన్ని పోంగ ఏముంటదిరా?"

"బాపూ, మనింటికైతే ఏముంటది? నువ్వే చెప్పు. ఆమెకు చెలక పోతది. మనకు ఇల్లే పోతది. నలుగురం యాడ పండాలె?"

ఈ సతీశ్‌ని నేను మరీ తిట్టలేను. వాడు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటే ఉంది, మిగతాదంతా నిజం.

నెల కింద, శ్రావణంలో, ఒక్క రాత్రి కురిసిన వానకు వచ్చిన తంటా ఇదంతా. రింగు రోడ్డు పడుతుందనగానే గుట్ట కింద చేలన్నీ ఎర్రమట్టి పోసి చదును చేశారు. రాళ్లు పాతారు. రంగు రంగుల జెండాలు కట్టారు. గుట్ట మీది నీళ్లకు పాత తోవ దొరకలేదు. జామాయిల్ తోటలోంచి సోమయ్య ఇంటి మీదికి వచ్చాయి. ఇల్లు మట్టి పోసి ఎత్తు చేసి కట్టింది, చుట్టూ గోడ ఉంది. గోడకు కొట్టుకుని నీళ్లు పక్కకు మళ్లి, కింది వాడలో పడ్డాయి. పన్నెండు ఇళ్లలో నడుం లోతు. ఎల్లా అనే అతని ఇంటి గోడ పడి, అతని కాలు రెండు చోట్ల విరిగి, ఇప్పటికీ పట్నం దవాఖానలోనే ఉన్నాడు.

పాత కాలువ తెరవాలని ఊరు పట్టుబట్టింది. ఆఫీసులో ఊరి పటం, నక్షా, తీస్తే సరిగ్గా కాలువ గీసిన మడత దగ్గరే చిరిగి ఉంది. అందుకని ఊరి పెద్దలే అన్నారు, నీరటిని నడిపిద్దామని. వానలకు ముందు ఏటా అట్లాగే చేసేవాళ్లు. నీరటి వట్టి కాళ్లతో గుట్ట నుంచి పెద్దచెరువు దాకా నడిచేవాడు. మట్టి ఎక్కడ మెత్తగా, చల్లగా అరికాలికి తగిలితే అక్కడ అడుగు వేసేవాడు. వెనక వచ్చేవాళ్లు ఆ అడుగులో గూటం పాతేవాళ్లు. ఆ వెనక ఊరంతా పారలు పట్టుకుని పూడిక తీసేది. నీరటి నడిచిన గీతను ఎవరూ కాదనేవాళ్లు కాదు. సోమయ్య తాత నడిచాడు, తండ్రి నడిచాడు. సోమయ్య చివరిసారి నడిచి పదిహేనేళ్లు దాటింది.

"మామా, ఒక్కటడుగుత" అంది శివాని తలుపు దగ్గర నిలబడి. సతీశ్ భార్య. శేరిగూడలో ఒక కాలేజీ ఆఫీసులో పని చేస్తుంది. ఆ రోజు సెలవు పెట్టింది. "నువ్వే నీరటివి గదా. కాలువ యాడున్నదో నీకే ఎర్క గదా. మరి కాలువల ఇల్లెట్ల కట్టినవ్?"

ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న. కొత్తగా వచ్చిన పిల్ల అడిగేసింది.

"ఇప్పుడెందుకే గా ముచ్చట్లు?" అని సతీశ్ కసిరాడు.

"అడగనియ్యి" అన్నాడు సోమయ్య. గేటు వదిలి వచ్చి, కోడలి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"గా గుట్ట మీద ఇప్పుడు రాళ్లున్నయి. నేను సదువు ఇడిసినప్పుడు గట్ల లేకుండె బిడ్డా. చండ్ర, మోదుగ, రేల, తునికి. మనిషి పోతే అగుపడకపోతుండె. పట్నంల హోటళ్లకు బొగ్గు గావాలె. కట్టె గావాలె. లారీలు వస్తుండె. ఊరంత కొట్టింది. మా అన్న, నేను కూడ కొట్టినం. బొగ్గు బట్టీలు పెట్టినం. మొద్దులు గూడ తవ్వి తీసినం."

"నీరటోళ్లు అయ్యి గూడనా?"

"నీరటోనికి ఆకలి కాదా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు. "చెట్లు పోయినంక వాన పడుడుతోనే మట్టంత కాలువలకే వచ్చింది. ఏడాది తీసినం, రెండేండ్లు తీసినం. ఇంగ తియ్యలేకపోయినం. పూడిపాయె. గప్పుడు జామాయిల్ మొక్కలు ఊకె పంచిండ్రు. నీళ్లు పెట్టుడు లేదు, కాపలా లేదు, నాలుగేండ్లకోసారి కొట్టుకో, మల్ల మొద్దుకెళ్ళి మొలుస్తది అన్నరు. తేమ ఉన్నకాడ పెట్టుమన్నరు. తేమ యాడుంటది? కాలువలనే ఉంటది. నా చేతులతోని నేనే పెట్టిన."

"ఇంకేముంది" అంది శివాని చిన్నగా.

"తాగినయి. కాలువల తేమ తాగినయి, మా అన్న బాయి తాగినయి. పదకొండేండ్లు గీడ సుక్క పారలే. సచ్చిపోయిందనుకున్న. సచ్చిన కాలువ మీద ఇల్లు కడితే ఏమైతదనుకున్న. నేను సంపిన దాని సంగతి నాకంటె ఎక్కువ ఎవ్వనికి ఎర్క?"

శివాని తలుపు వదిలి వచ్చి మామ పక్కన కూర్చుంది.

సక్కుబాయి మాత్రం ఊరుకోలేదు. అరుగు మీంచి లేచి వచ్చింది. "నువ్వొక్కనివే కొట్టినవా చెట్లు? ఊరంత కొట్టింది. నువ్వొక్కనివే పెట్టినవా జామాయిల్? ఊరంత పెట్టింది. గుట్ట కింద ప్లాట్లు పెట్టినోళ్లు కాలువ మీద డాంబర్ రోడ్డేసిండ్రు. ఆళ్లనెవ్వరన్న ఒక్క మాటన్నరా? అందరు చేసిన దానికి నా ఇల్లే ఎందుకు పోవాలె? చెప్పు! చెప్పమంటున్న!"

సోమయ్య నేల మీంచి లేచాడు.

"కుడికి నడిస్తే గీ ఫికరే ఉండదు" అన్నాడు సతీశ్, మెల్లగా.

"నీళ్లు నా గూటాలను సూసి నడుస్తయారా? కుడికి మిట్ట ఉన్నది. పెద్ద వానొస్తే మల్ల ఎల్లా ఇంటి మీదికే పోతయి."

"మిషన్‌తోని లోతు తీస్తరు బాపూ. గా కాలం కాదిది. మిట్ట పల్లం ఏమన్న లెక్కనా ఇప్పుడు?"

"సక్కూ! ఓ సక్కూ!"

గేటు బయట బుగ్గమ్మ. నెత్తి మీద కొంగు, చేతిలో కొడవలి. అందరూ ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నారు.

"సార్లొచ్చిండ్రు. సోమయ్య ఏడి, సోమయ్య ఏడి అని ఒకటే పిలుసుడు. ఇదేందే, పట్టపగలు గేటుకు తాళమేసినవ్?"

"కుక్కలొస్తున్నయక్కా" అంది సక్కుబాయి. అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి. మొహం కందిపోయింది.

బుగ్గమ్మ గోడ మీంచి లోపలికి తొంగి చూసి, మరిదినీ సతీశ్‌నీ ఒకసారి కలియజూసి, నవ్వింది. "కుక్కలు బయటికెళ్ళి రాకుంటనా, లోపలికెళ్ళి పోకుంటనా?"

సతీశ్ పళ్లికిలించాడు. శివాని నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. సక్కుబాయి బొడ్లోంచి తాళంచెవి తీసింది. తోటికోడలి ముందు తాళం తియ్యనని ఎట్లా అంటుంది, ఎందుకని చెబుతుంది?

గేటు దాటుతున్న సోమయ్య చెయ్యి పట్టుకుని, బుగ్గమ్మకు వినపడకుండా ఒక్క మాటే అంది. "నా ఇల్లు."

*

సర్వేయరు పరమేశ్వర్ కుర్రవాడేం కాదు, నలభై ఉంటాయి. నీరటి నడక మీద ఆయనకు నమ్మకం లేదు. నక్షా చిరిగిపోయింది గనక వచ్చాడు. "పెద్దాయనా, జర జల్ది కానియ్యి. మబ్బు పట్టింది" అన్నాడు. కొలత గొలుసు పట్టే యోహాను భుజాన గూటాల సంచి వేసుకుని సోమయ్య వెనక నిలబడ్డాడు.

సోమయ్య కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత నడిచాడు.

చిత్రమేమంటే, కాళ్లు మరిచిపోలేదు. చదును చేసిన ప్లాట్ల మధ్య, పోసిన మట్టి మీద కూడా, ఎక్కడ నేల కుంగిందో ఆయన అరికాలు పట్టేసింది. డాంబరు రోడ్డు దగ్గర ఆగి, "గీడ తూము పెట్టాలె సారూ" అన్నాడు. పరమేశ్వర్ కొంచెం తవ్వించి చూస్తే మూరెడు లోతులో నల్లటి ఒండ్రు బయటపడింది. పరమేశ్వర్ మొహం మారింది. అప్పట్నుంచి తొందరపెట్టడం మానేశాడు. ఊరివాళ్లు గుసగుసలాడుకున్నారు. "నీరటంటే నీరటే" అన్నాడు ఎవరో.

ఆ మాటకు సోమయ్య సిగ్గుతో చచ్చిపోయాడు.

జామాయిల్ తోట దాటారు. ఎదురుగా యాభై గజాల్లో ఇల్లు. గోడ దగ్గర సక్కుబాయి, పక్కన శివాని. కుడి వైపున, కొంచెం మిట్టగా, బుగ్గమ్మ మక్కచేను. అందరికంటే వెనక సతీశ్.

సోమయ్య కాలు ఎత్తి, ఇంటి వైపు నేల మీద ఆనించి, మళ్లీ తీశాడు. కింద మెత్తగా తగిలింది. కాలువ నేరుగా ఇంట్లోకే పోతోంది. ఆ సంగతి తెలుసుకోవడానికి ఆయనకు అరికాలు కూడా అక్కర్లేదు.

"ఏమైంది పెద్దాయనా?" అన్నాడు పరమేశ్వర్.

"ఏం లేదు."

ఆ చోట నేనుంటే ఏం చేసేవాణ్ణని మీరు అడిగితే, నేను జవాబు చెప్పను. తేలిగ్గా చెప్పేవాళ్లను నమ్మను కూడా. సోమయ్య భార్య వైపు చూశాడు. ఆమె రెండు చేతులూ గోడ మీద పెట్టి నిలబడి ఉంది. ఆయన కుడికి తిరిగాడు.

యోహాను గూటం పాతాడు. ఇంకొక అడుగు, ఇంకొక గూటం. నేల గట్టిగా ఉంది. సుత్తి రెండు మూడు దెబ్బలు ఎక్కువ పడుతోంది. అది యోహాను గమనించాడు గానీ, నీరటి నడిచిన చోట గూటం వెయ్యడమే తన పని అనుకున్నాడేమో, ఏమీ అనలేదు. మక్కచేను ఈ కొస నుంచి ఆ కొస దాకా, సరిగ్గా నడిమి గుండా గూటాలు పడ్డాయి.

"ఈ చేను ఎవరిది?" అడిగాడు పరమేశ్వర్, చేను దాటాక.

"నాదే సారూ" అంటూ బుగ్గమ్మ ముందుకు వచ్చింది.

"అమ్మా, కాలువ నీ చేన్లకెళ్ళి పోతున్నది. నీకేమన్న చెప్పేదుంటే ఇప్పుడే చెప్పు. రాసుకుంట. నువ్వెన్నడన్న ఈ కాలువల పని చేసినవా?"

"ఇరవై యేండ్లు తట్ట మోసిన సారూ. నా పెనిమిటి తవ్వుతుండె, నేను మోస్తుంటి."

"మరి ఇదేనా కాలువ?"

ఇరవై ఏళ్లు ఏ కాలువలో తట్ట మోసిందో, అది ఎక్కడుండేదో బుగ్గమ్మకు తెలియదా! ఊళ్లో తలనెరిసిన మరో ముగ్గురు నలుగురికి కూడా తెలుసు. కానీ భూమి ఆమెది. ఆమె మాట కోసం అందరూ చూశారు.

బుగ్గమ్మ గూటాల వైపు చూసింది. సోమయ్య ఇంటి వైపు చూసింది. సోమయ్యను మాత్రం చూడలేదు. సోమయ్య తల దించుకుని తన కాళ్లకంటిన మట్టిని చూసుకుంటున్నాడు.

"నీరటి నడిచిండు గద సారూ" అంది. "ఇంగ నన్నడుగుడేంది?"

పరమేశ్వర్ కాగితం చాచాడు. ఆమె సిరాలో వేలు ముంచి, వేలిముద్ర వేసి, వేలు కొంగుకు తుడుచుకుంది.

"ఒక్కటి సారూ. మక్క ఇంక పాల మీదున్నది. కోసుకునేదాంక ఆగుతరా? పదిహేను దినాలు."

"ఆగలేనమ్మా. ఇంకో వానొస్తే కింది వాడ మునుగుతది. రేపు పొద్దుగాల్నే మిషన్ వస్తది."

"అవ్, అది గూడ నిజమే" అంది బుగ్గమ్మ. కొడవలి పట్టుకుని అక్కడికక్కడే చేనులోకి దిగింది. లేత కంకులు నాలుగు విరిచి, గోడ దగ్గరున్న తోటికోడలిని కేకేసింది. "సక్కూ, మీ ఇంట్ల గంప ఉంటే తేవే. మిషన్ కింద పడితే ఎవరికొస్తయి? తలా ఇన్ని తీసుకపోండ్రి. పొల్ల శివానికి గూడ ఇయ్యి, లేత కంకులు మంచిగుంటయి."

ఊరివాళ్లు ఎవరూ కదల్లేదు. ఇద్దరు ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

సక్కుబాయి గంప కోసం లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. పరమేశ్వర్ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. సతీశ్ మొదటిసారి ఊపిరి పీల్చుకుని, తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. సోమయ్య ఆ చెయ్యి తీసేశాడు.

సక్కుబాయి బయటికి వచ్చింది. చేతుల్లో గంప లేదు. నేరుగా చేనులోకి నడిచి వచ్చి, మొదటి గూటం రెండు చేతులా పట్టుకుని ఊపింది. గట్టి నేల, రాలేదు. ఇంకా ఊపింది.

"ఏందమ్మా, ఏం చేస్తున్నవ్?" అన్నాడు పరమేశ్వర్.

"గివి పీకుండ్రి సారూ. కాలువ గీడ లేదు."

"సక్కూ!" అంది బుగ్గమ్మ చేనులోంచి. "నోర్ముయ్యవే. ఇంట్లకు పో."

"నువ్వూకో అక్కా. నిన్నెవ్వరు పెట్టమన్నరు ఏలు? ఎవ్వరు పెట్టమన్నరని అడుగుతున్న!" సక్కుబాయి ఏడుస్తూనే అరిచింది. అరుస్తూనే సర్వేయరు వైపు తిరిగింది. "కాలువ మా ఇంట్లకెళ్ళి పోతది సారూ. నా పొయ్యి కిందికెళ్ళి పోతది. ఈయనకెర్క. గీమెకెర్క. గీడున్న ముసలోళ్లందరికెర్క. రాసుకో. నేను చెప్పినట్టు రాసుకో."

పరమేశ్వర్ సంచిలోంచి కాగితాలు మళ్లీ బయటికి తీశాడు.

అందరికంటే ముందు సతీశ్ కదిలాడు. వచ్చి తల్లికీ సర్వేయరుకూ మధ్య నిలబడ్డాడు. మొహం తెల్లగా పాలిపోయింది. గొంతు మాత్రం ప్లాట్లు కొనడానికి వచ్చినవాళ్లతో మాట్లాడేటప్పటిలాగే మర్యాదగా ఉంది.

"ఆమె మాటలు రాయకుండ్రి సారూ. వానలొచ్చినప్పటి సంది మా అమ్మకు మతి సక్కగ లేదు. మందులు వాడుతున్నం."

శివాని "ఏమంటున్నవ్ నువ్వు?" అని కేక పెట్టింది. సక్కుబాయి కేకలు పెట్టలేదు. గూటం వదిలేసి, కొడుకు వీపు వైపు, ఎవరో తెలియని మనిషిని చూస్తున్నట్టు చూసింది.

పరమేశ్వర్ సతీశ్‌ని పక్కకు జరగమని చేత్తో సైగ చేశాడు. పెన్ను తెరిచి, తల్లినీ కొడుకునీ వదిలేసి, సోమయ్య ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు చెప్పు పెద్దాయనా. నీ భార్యకు మతి లేదా?"